రెండో వైరు వచ్చినంక డిష్ అన్నకు మర్యాద వచ్చింది

మా గల్లీ డిష్ అన్న, అంటే కేబుల్ టీవీ, నెట్ ఇచ్చేటాయన, ఈ మధ్య నన్ను సార్ అంటుండు. ఇదివరకు ఫోన్ ఎత్తుడే కష్టం, ఎత్తినా "పైనుంచే లేదు, నేనేం జెయ్యాలె" అని పెట్టేసేటోడు, ఆ "పైన" ఎవరుంటరో నాకు ఇప్పటికీ తెల్వదు. ఇప్పుడేమో నేను చెయ్యకముందే ఆయనే చేసి "సార్, హంటర్ రోడ్ దిక్కు ఫైబర్ కట్టయింది, పొద్దుగూకేదాంక వచ్చేస్తది, ఏమనుకోకున్రి" అంటుండు. మనిషి అదే మనిషి, అదే నిచ్చెన, అదే పాత బండి. మారిందల్లా మా ఇంటి ముంగట కరెంటు స్తంభం. దాని మీద ఆయన నల్ల కేబుల్ పక్కపొంటి ఇప్పుడు ఇంకో మూడు కంపెనీల సన్న వైర్లు వేలాడుతున్నయ్.

హన్మకొండల ఏ నెట్ తీసుకోవాలె అని దోస్తులు అడిగితే నేను స్పీడ్ గురించి మాట్లాడుడు బంద్ చేసిన, మీ గల్లీల ఎన్ని వైర్లున్నయో ముందు లెక్కవెట్టున్రి అంటున్న. ఒక్కటే ఉంటే ఆ ఒక్కడు ఎంత చెప్తే అంత. రెండోది వచ్చిన రోజు నుంచి కథ వేరే ఉంటది.

పాత సంగతి తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. మా దిక్కు కేబుల్ అనరు, డిష్ అంటరు, నెలకోసారి డిష్ బిల్లు. సెట్ టాప్ బాక్సులు లేని రోజులల్ల ఆయన ఏ చానెల్ వేస్తె అది చూసుడే, పండుగనాడు ఆయనకు నచ్చిన సినిమా. 2019 ఫిబ్రవరిల టీవీ, టెలికాంకు రూల్స్ పెట్టే ట్రాయ్ కొత్త టారిఫ్ పెట్టి 130 రూపాయలు ప్లస్ జీఎస్టీకి 100 చానెళ్ళు, మిగతావి ఏరుకోండి అన్నది, ఏరుకునేసరికి బిల్లు ఇంకింత పెరిగిందని ఇంటింటికి లొల్లి. అదే స్తంభం మీదికెల్లి నెట్ కూడ ఆయనే ఇచ్చేటోడు. ఇచ్చేటోడు అంటే ఎట్లంటే, గల్లీ మొదట్ల ఒక ఇంటి గోడకు రేకు డబ్బా, దాంట్ల నెట్ పంచే స్విచ్చు, ఆడికెల్లి ఇంటింటికి నీలం రంగు లాన్ కేబుల్. ఆ డబ్బాకు కరెంటు ఆ ఇంటోళ్ళది, బదులుగ వాళ్లకు నెట్ ఫ్రీ. మస్తు ఒప్పందం, కాకపోతే ఆ ఇంటోళ్ళు మేడారం జాతరకు పోతూ మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి పోయిన్రనుకో, వాళ్ళు వచ్చేదాంక గల్లీ మొత్తం నెట్ బంద్. ఇది నేను జోక్ చేస్తలేను, ఫోన్ చేస్తె అన్న చెప్పిన జవాబు "వాళ్ళు జాతరల ఉన్నరు, సిగ్నల్ లేదు" అని.

2020ల లాక్‌డౌన్ పడ్డది, గచ్చిబౌలి మాదాపూర్‌ల ఉండే పోరగాళ్ళంతా లాప్‌టాప్ పట్టుకొని వరంగల్‌కు వాపస్ వచ్చిన్రు, అప్పుడు తెలిసొచ్చింది ఈ నెట్ సత్తువ. సినిమా చూస్తె ఓకే, మీటింగ్‌ల కెమెరా ఆన్ చేస్తే మొఖం అట్లనే బిగుసుకపోయేది. ఆ ఆగస్టుల వానలు తెలుసు కదా, నాలాలు పొంగి ఊరు సగం నీళ్ళల్ల, కరెంటు లేదు. ఇంట్ల ఇన్వర్టర్ ఉన్నా ఏం ఫాయిదా, గోడ మీది డబ్బాకు కరెంటు లేదాయె.

గప్పుడు కొత్త కంపెనీలోళ్ళు దిగిన్రు. జియో ఫైబర్ 2019 సెప్టెంబర్ 5న అఫీషియల్‌గ మొదలైంది గని అప్పుడు 699 నుంచి ప్లాన్లు, డేటాకు లిమిట్ కూడ ఉండె. అసలు దెబ్బ 2020 ఆగస్టు ఆఖర్ల పడ్డది, 399కే 30 ఎంబీపీఎస్, అన్‌లిమిటెడ్ అన్నరు. వారం పది రోజులల్ల ఎయిర్‌టెల్ 499తోని వచ్చింది. అన్‌లిమిటెడ్ అంటే నెలకు 3300 జీబీ అని కింద చిన్నక్షరాలల్ల ఉంటది, 399 అంటే జీఎస్టీ కలిపి 471 అని కూడ అక్కడనే ఉంటది, అది వేరే ముచ్చట. మా గల్లీకి మాత్రం ఆ వైర్లు చేరేసరికి ఇంకా చాన టైం పట్టింది, వచ్చిన తెల్లారే డిష్ అన్న ఇంటింటికి తిరిగి "నేను కూడ ఫైబర్ వేస్తున్న, రూటర్ ఫ్రీ, ఇన్‌స్టలేషన్ ఫ్రీ" అన్నడు. ఇన్నేండ్లు అడిగితే వీలుగాదన్నది ఒక్క రాత్రికి ఎట్ల వీలైంది అన్నా అని అడిగిన. నవ్విండు, ఏమన్లే.

ఫైబర్ కలిపేది మీరెప్పుడన్న దగ్గరకెల్లి చూసిన్రా? మా అరుగు మీద కూసోని కలిపిండు ఒక పోరడు, పొద్దున టిఫిన్ కూడ తినకుండ వచ్చినట్టున్నడు. నల్ల తొడుగు చీరి, రంగు పూత గీకి తీస్తె లోపల ఉండేది గాజు పోగు, మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌ల ఎనిమిదో వంతు, వెలుతురు పోయేది దాని నడుమ 9 మైక్రాన్ల జాగల. స్పిరిట్ తోని తుడిచి, క్లీవర్‌ల పెట్టి టక్కుమని కొసలు కోసి, రెండింటిని స్ప్లైసింగ్ మిషన్‌ల ఎదురెదురుగ పెట్టి మూత వేస్తె స్క్రీన్ మీద రెండు కొసలు పెద్దగ కనబడ్డయ్, వాటంతటవే జరుక్కుంటూ దగ్గరికొచ్చినయ్, చిన్న మెరుపు, అతుక్కపోయినయ్. స్క్రీన్ మీద లాస్, అంటే అతుకు కాడ పోయే వెలుతురు, 0.01 అని వచ్చింది. "ఇది 0.05 దాటితే మా సార్ మల్ల చెయ్యమంటడు అన్న" అన్నడు పోరడు. వెలుతురు ఎంత గట్టిగ వస్తుందో కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 19. మైనస్ 27 దాటి కిందికి పోతే మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతదట, అది వెలిగితే రూటర్ ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా దండుగ, వైరే పోయినట్టు. ఈ పోరడు అంతకుముందు డిష్ అన్న దగ్గర పని చేసినోడే, కంపెనీ కాంట్రాక్టర్ నెలకు ఇంకింత ఎక్కువ ఇస్తనంటే అటు పోయిండు. పోటీ అంటే కస్టమర్ కోసమే అనుకుంటం, పనోళ్ళ కోసం కూడ నడుస్తది.

ఫైబర్ అంటే లైన్ మొత్తం నీ ఒక్కనికే అని సేల్స్ పోరలు చెప్తరు, నమ్మకున్రి. ఎక్స్చేంజ్ దిక్కునుంచి వచ్చే ఒక్క పోగును స్తంభం మీద స్ప్లిటర్ పెట్టి 32 ఇండ్లకో 64 ఇండ్లకో పంచుతరు, ఇట్ల పంచే పద్ధతిల ఎక్కువ నడిచేది జీపాన్, దాంట్ల అందరికీ కలిపి డౌన్‌లోడ్ 2.5 జీబీపీఎస్, అప్‌లోడ్ దాంట్ల సగం. కాకపోతే ఆ స్ప్లిటర్‌కు కరెంటు అక్కరలేదు, ఎవలి గోడా అక్కరలేదు, జాతరకు ఎవలు పోయినా మన నెట్ మనకుంటది. నాకైతే స్పీడ్ కన్న ఇదే పెద్ద లాభం అనిపించింది.

ఇగ మా చిన్నమ్మోళ్ళ ఊరు పరకాల దిక్కు. ఆడ కూడ ఫైబర్ ఉన్నది, కానీ ఒక్కడే. మా గల్లీల రూటర్ ఫ్రీ అని చెప్పిన కొత్త కంపెనీనే ఆడ రూటర్‌కు, వైర్‌కు, స్తంభం ఎక్కినందుకు విడివిడిగ పైసలు వసూలు చేసింది. కంప్లైంట్ ఇస్తె పది రోజులైనా దిక్కు లేదు, మా తమ్ముడు గట్టిగ అడిగితే "వేరేది పెట్టుకో పో" అన్నరట. వేరేది లేదని వాళ్లకు తెలుసు కదా. ఆ మాట వింటే నాకు మా పాత డిష్ అన్ననే యాదికొచ్చిండు.

ఇది మన దగ్గరనే అనుకోకున్రి. అమెరికాల ఆస్టిన్‌ల మా బావ ఉంటడు, ఆయన చెప్పంగనే నేను కూర్చొని చదివిన ఈ కథ. అమెరికాల ఏండ్ల తరబడి కేబుల్ టీవీ కంపెనీలదే రాజ్యం, మొన్నమొన్నటిదాంక డౌన్‌లోడ్ 1 జీబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా కామ్‌కాస్ట్ అనే పెద్ద కేబుల్ కంపెనీ అప్‌లోడ్ 35 ఎంబీపీఎస్ ఇచ్చేది, ఎందుకంటే ఆ కోయాక్స్ కేబుల్, అంటే పాత రాగి టీవీ వైరు, టీవీ బొమ్మను ఇంట్లకు పంపేటందుకు వేసింది, ఇంట్లకెల్లి బయటికి పంపేటందుకు దాంట్ల సన్న సందు మాత్రమే పెట్టిన్రు. 2012ల గూగుల్ ఫైబర్ కాన్సాస్ సిటీల దిగి 70 డాలర్లకు అటు ఇటు రెండు దిక్కులా 1 జీబీపీఎస్ అన్నది. 2013 ఏప్రిల్‌ల ఆస్టిన్‌కు వస్తున్నమని అట్ల ప్రకటించిన్రో లేదో, అదే రోజు ఆడి పాత టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ మేం కూడ ఆస్టిన్‌ల గిగాబిట్, అంటే 1 జీబీపీఎస్, వేస్తం అని చెప్పింది. అదే రోజు! తర్వాత రేటు చూడున్రి, గూగుల్ ఉన్న ఆస్టిన్‌ల ఏటీ అండ్ టీ 70 డాలర్లు పెట్టింది, 2015ల గూగుల్ ఫైబర్ లేని కుపర్టినోల అదే గిగాబిట్‌కు 110. ఆపిల్ హెడ్డాఫీసున్న ఊరది, అయినా గంతే. మా చిన్నమ్మకు ఈ లెక్క చెప్తే "అయితే అమెరికోళ్ళు కూడ మా తీర్గనే ఆగమైతున్నరా" అన్నది.

రెండో వైరు వచ్చినా ఉంటదని గ్యారంటీ లేదు, అది ఇంకో కిరికిరి. లూయిస్‌విల్ అనే ఊర్లె గూగుల్ జల్ది అయిపోవాలె, ఖర్చు తగ్గాలె అని రోడ్డుకు రెండంగుళాల లోతు గాడి కోసి, ఫైబర్ పెట్టి, పైన రబ్బర్ లాంటిది నింపింది. అది ఊడొచ్చింది, రోడ్ల మీద వైర్లు తేలినయ్. 2019ల మేం పోతున్నం అని చెప్పి ఆఖరు రెండు నెలలు బిల్లు మాఫీ చేసి వెళ్ళిపోయిన్రు. కనీసం మాఫీ అన్న చేసిన్రు. మా దోస్తు ఒకడు నయీంనగర్‌ల ఓ చిన్న కంపెనీకి ఏడాది పైసలు ముందుగాల కట్టిండు, రెండు నెలలు ఆఫర్ అంటే. కొన్ని నెలలకు ఆఫీసుకు తాళం, నంబరు స్విచాఫ్, వైరు మాత్రం ఇంకా వాని బాల్కనీ మీదికెల్లి వేలాడుతనే ఉన్నది, బట్టలు ఆరేస్తున్నరు దాని మీద.

ఇంకోటి, స్తంభం మీద వైర్లు లెక్కవెడితే సరిపోదు, వాటి ఓనర్లను కూడ లెక్కవెట్టాలె. 2018 అక్టోబర్‌ల, అంటే జియో ఫైబర్ అమ్మకానికి రాకముందే, రిలయన్స్ పోయి హాత్‌వేల 51 శాతం, డెన్‌ల 66 శాతం కొంటున్నమని చెప్పింది. దేశంల పెద్ద కేబుల్ కంపెనీలల్ల రెండు అవి. ఎందుకు కొన్నరంటే ఊరూరికి ఉన్న డిష్ అన్నల కోసం, వాళ్ళ స్తంభాల కోసం, ఇంట్లకు పోయేటందుకు వాళ్లకున్న చనువు కోసం. పాతోనితోని కొత్తోడు పోటీ పడుతుండు అనుకుంటం, ఇద్దరి బిల్లు ఒకే జేబులకు పోవచ్చు.

డిష్ అన్న సైడ్ కూడ చెప్పాలె, లేకపోతే పాపం. కొత్త కంపెనీల యాప్ మస్తుగుంటది, కంప్లైంట్ పెట్టంగనే టికెట్ నంబర్, 48 గంటలు అని మెసేజ్. మా దగ్గర కోతుల సంగతి వరంగల్ల ఉన్నోళ్ళకు చెప్పనక్కరలేదు, గుంపుగ వచ్చి వైర్లకు వేలాడతయ్, కొరుకుతయ్. కోతి తెంపిన వైరుకు 48 గంటలు ఆగుడంటే పని చేసేటోని ఉద్యోగం ఆగమే. మొన్న కింద కిరాయికున్నోళ్ళ కంపెనీ వైరు, మా డిష్ అన్న వైరు రెండూ ఒకే రోజు కోతులు తెంపినయ్. ఆయన సాయంత్రం అయిదింటికి నిచ్చెన వేసుకొని అతికిచ్చి పోయిండు. కంపెనీ వాళ్ళ యాప్‌ల మాత్రం ఎవ్వరూ రాకముందే "మీ సమస్య పరిష్కారమైంది" అని పడ్డది. కిరాయి పిల్లగాడు రెండు రోజులు మా వైఫై పాస్‌వర్డ్ మీదనే ఆఫీసు చేసిండు. ఇట్లాంటి అన్నలు చానమంది ఇప్పుడు బీఎస్ఎన్ఎల్ తోని బిల్లుల వాటా మాట్లాడుకొని దాని ఫైబర్ నడిపిస్తున్నరు, పెద్ద పేరు వాళ్ళది, నిచ్చెన వీళ్ళది. నేను కూడ ఒక ఏడాది పెద్ద కంపెనీది పెట్టి, మల్ల డిష్ అన్న ఫైబర్‌కే వచ్చిన. ఆయన మంచితనం మీద నమ్మకం పెరిగి రాలే, నేను పోగలనని ఆయనకు తెలిసింది కాబట్టి వచ్చిన.

కాకపోతే అందరి వైర్లు వేలాడేది ఒకే స్తంభానికి. 2025 ఆగస్టుల హైదరాబాద్ రామంతాపూర్‌ల కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయిన్రు, ఆ తర్వాత కరెంటోళ్ళు సిటీల స్తంభాల మీది కేబుళ్ళు కోసుడు మొదలుపెట్టిన్రు, కంపెనీలు హైకోర్టుకు పోయినయ్. ప్రాణాల ముందల నెట్ ఎంత, ఆ కుప్పలు తియ్యాల్సిందే. కానీ కోసేటప్పుడు నడిచే వైరేది, ఎప్పుడో వదిలేసిన చచ్చిన వైరేది అని ఎవలు చూస్తరు? మా నక్కలగుట్టల మా దిక్కు కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ హెడ్డాఫీసు ఉన్నది, ఆ చుట్టుపక్కల స్తంభాలే ఒకసారి తలెత్తి చూడున్రి, సగం వైర్లకు వారసులే లేరు. కనెక్షన్ తీసేసినోడు వైరు తీసుకపోయే అలవాటు మన దగ్గర లేదు. మిషన్ భగీరథ నీళ్ళ పైపుల పక్కకెల్లి భూమిల ఫైబర్ వేసి టీ ఫైబర్ అని సర్కారు ఊర్లకు ఇస్తనంటున్నది, 2024 డిసెంబర్‌ల కొన్ని ఊర్లల్ల పైలట్ కూడ మొదలైంది. అది మా చిన్నమ్మోళ్ళ ఊరికి చేరితే ఆ కంపెనీ మాట తీరు ఎట్ల మారుతదో చూడాలని నాకు మస్తు ఉన్నది.

కొత్తగ నెట్ పెట్టుకునేటోళ్ళు ఒక్కటి చెయ్యున్రి. ఏడాది ప్లాన్ కడితే రెండు నెలలు ఫ్రీ అంటరు, కట్టకున్రి, నెలనెలా కట్టున్రి. నెలకు యాభయ్యో వందో ఎక్కువ పడ్తది, పడనియ్. రూటర్ ఎవలి సొంతం, కనెక్షన్ తీసేస్తే డిపాజిట్ ఎన్ని రోజులకు వాపస్ ఇస్తరు అనేది వాట్సాప్‌ల రాయించుకోండి, నోటిమాట నమ్మకున్రి. వైరు తెగితే నిచ్చెన వేసుకొని వచ్చేటోని నంబర్ కూడ ఆ రోజే తీసుకోండి, కాల్ సెంటర్ నంబర్ కాదు, ఆ పోరని సొంత నంబర్.