అమ్మ పాటల క్యాసెట్లు: ఏడాది కూటానికి సిద్ధం చేసిన అనుభవం

అమ్మ ప్రభువునందు నిద్రించిన ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నాం. ఫొటో ఎలాగూ ఉంటుంది, అమ్మ గొంతు కూడా వినబడాలని అక్క పట్టుబట్టింది. ఇంట్లో మిగిలినవి 11 క్యాసెట్లు, రెండు పాటల నోటుబుక్కులు, అమ్మ హార్మోనియం. ఆదివారం ఆరాధనలో, స్త్రీల సమాజంలో, రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ నలభై ఏళ్లు వాయించిన పెట్టె అది. వీటితో పాటల ఫైళ్లు, 16 పేజీల చిన్న పుస్తకం తయారు కావడానికి ఆరు వారాలు పట్టింది. బీరువా అడుగున ఇలాంటి క్యాసెట్లు ఉన్న ఇళ్లు మన సంఘాల్లో చాలా ఉన్నాయి, వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

క్యాసెట్ చేతికి రాగానే ప్లే చేయకూడదు. ముందు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయాలి. అవి లేకపోతే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా అమ్మ పాట చెరిగిపోదు. తరవాత కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చుట్ట అంచు చూడాలి. తెల్లటి పొడి కనబడితే అది బూజు. మాకు మూడింటికి పట్టింది, కోస్తా ఉక్కపోతలో ఇది మామూలే. వాటిని మంచి డెక్‌లో పెడితే బూజు హెడ్‌కు (టేపును చదివే భాగానికి) అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. మూతికి మాస్కు కట్టుకుని, అయిదు స్క్రూలూ విప్పి, చుట్టల అంచులను పొడి మెత్తటి బ్రష్‌తో తుడిచి, వాటిని అన్నిటికంటే చివర ప్లే చేశాను. మరో రెండింటిలో టేపును హెడ్‌కు ఒత్తి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయింది. అది లేకపోతే గొంతు దూరంగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది. పాత ఖాళీ క్యాసెట్ డొక్క తెచ్చి చుట్టలను అందులోకి మార్చాను. మార్చేటప్పుడు టేపు మెలిక పడకుండా చూసుకోవాలి, పడితే రెండో పక్కది తిరగబడి, మసకగా వినబడుతుంది.

ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అందుకని ప్రతి క్యాసెట్‌నూ ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి తిప్పాకే ప్లే చేయాలి.

డెక్ విషయంలో పొదుపు చేయొద్దు. నేరుగా కంప్యూటర్‌కు తగిలించే చవక ప్లేయర్ మొదట కొన్నాను. దాని వేగమే నిలకడగా లేదు, ‘సా’ ఊగుతూ వచ్చింది. తెలిసినవాళ్ల దగ్గర పాత టేప్ డెక్ అరువు తెచ్చి, బెల్టు మార్పించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్‌నూ, టేపును లాగే ఇనుప కడ్డీనీ తుడిచాను. ప్రతి రెండు క్యాసెట్లకూ ఒకసారి తుడవాల్సి వచ్చింది, దూది గోధుమరంగుకు తిరుగుతుంది. రొద తగ్గించే డాల్బీ స్విచ్ ఆపేయాలి, చిన్న టేప్‌రికార్డర్‌లో ఇంట్లో చేసిన రికార్డింగుల్లో మామూలుగా అది ఉండదు. హెడ్ పక్కన ఉండే సన్నటి స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ స, శ, చ లాంటి అక్షరాలు పదునుగా పలికే చోట ఆపాలి. క్యాసెట్ మారినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాలి. గొంతు మూగబోయినట్టుంటే సగం సార్లు తప్పు టేపుది కాదు, ఈ స్క్రూది.

డెక్ లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే చిన్న పెట్టెకు), అక్కణ్ణుంచి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించాను. లాప్‌టాప్ మైకు రంధ్రానికి తగిలిస్తే గొంతు పగిలిపోతుంది. అమ్మ పై స్థాయికి వెళ్లినప్పుడు కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోవాలి. ఈ లెక్కన గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది శ్రుతి. మొదటి క్యాసెట్ వినగానే అక్క, “ఇది అమ్మ గొంతులా లేదురా, ఎవరో చిన్నపిల్ల పాడుతున్నట్టుంది” అంది. నిజమే. అవన్నీ బ్యాటరీలతో నడిచే చిన్న టేప్‌రికార్డర్‌లో చేసినవి. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీ నీరసిస్తే టేపు నెమ్మదిగా కదులుతుంది. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో తిప్పితే గొంతు సన్నబడి పాట పరుగెడుతుంది.

దీనికి కొలబద్ద అమ్మే పెట్టిపోయింది. అమ్మది ఐదున్నర శ్రుతి, అంటే హార్మోనియం మీద జీ షార్ప్ నల్ల మెట్టును ‘సా’గా పెట్టుకుని పాడటం. హార్మోనియంతో పాడిన ప్రతి పాటకూ ముందు తిత్తి ఊపిరి పోసుకున్న చప్పుడు, ఆ నల్ల మెట్టు మీద రెండు మూడు సెకన్ల ‘సా’, తరవాత మెల్లగా పాట నెంబరు, అప్పుడు పల్లవి. హార్మోనియం రీడ్లు గొంతులా పూటకో తీరుగా మారవు. అదే పెట్టె మీద అదే మెట్టు నొక్కి ఫోనులో ట్యూనర్ యాప్‌తో కొలిస్తే 209 హెర్ట్జ్ వచ్చింది. క్యాసెట్‌లోని ‘సా’ 222 ఉంది. 209ని 222తో భాగిస్తే 0.941. పాట వేగాన్ని అంతకు తగ్గించగానే అమ్మ గొంతు అమ్మ గొంతులా వచ్చింది. ఐదున్నరకు లెక్క ప్రకారం దాదాపు 207.7 ఉండాలి, మా పెట్టె కాస్త పైకి ఉంది. యాప్ చెప్పే లెక్కకు కాకుండా ఇంట్లో ఉన్న పెట్టెకే సరిచేయాలి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. మొదట శ్రుతిని మాత్రమే దించే ఎఫెక్ట్ వాడాను. గొంతు దిగింది కానీ తాళం పరుగు తగ్గలేదు, పైగా రేకు డబ్బాలోంచి వచ్చినట్టయింది. శ్రుతి, వేగం రెండూ కలిసి మారే ఎఫెక్టే వాడాలి. ఇంకో సంగతి, బ్యాటరీ పాటపాటకూ తగ్గుతూ పోతుంది. ఒకే పక్కన మొదటి పాటకు 0.96 సరిపోతే చివరి పాటకు 0.92 కావాల్సి వచ్చింది. అందువల్ల ఏ పాటకు ఆ పాట విడిగా సరిచేయాలి. కుటుంబ ప్రార్థనలో అప్పుడప్పుడు హార్మోనియం లేకుండా పాడినవాటికి, ముందు పాటకూ తరవాతి పాటకూ వచ్చిన అంకెల మధ్యన చూసుకుని, అక్క చెవికి వదిలేశాను.

రొద తీయడంలో చెయ్యి బిగించాలి. పాట మొదలవకముందు వచ్చే ఖాళీ చప్పుడును నమూనాగా ఇచ్చి 6 డెసిబెల్స్ మాత్రం తగ్గించాను. 12కు పెంచితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది, గమకాల చివర్లు తెగిపోయాయి. కుక్కరు కూత, నాన్నగారి దగ్గు, నోటుబుక్కు పేజీ తిప్పిన చప్పుడు అలాగే ఉంచేశాం. పేజీ చప్పుడు ఒకచోట పనికొచ్చింది కూడా. అమ్మ చెప్పిన నెంబరు కీర్తనల పుస్తకంలో ఏ పాటకూ కుదరడం లేదు. “47” అని చెప్పగానే పేజీ తిరిగింది. అమ్మ చెబుతున్నది తన నోటుబుక్కులో తాను వేసుకున్న నెంబరు. అప్పటినుంచి ఫైళ్లకు క్యాసెట్ నెంబరు, పక్క, వరస, పల్లవి మొదటి రెండు మాటలు కలిపి పేరు పెట్టాను.

నోటుబుక్కుల పేజీలను ఫ్లాష్ లేకుండా, పొద్దుటి ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర ఫొటో తీశాను. ప్రతి పాట నెత్తిన అమ్మ రాగం, తాళం రాసుకుంది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల అచ్చు పద్ధతే అది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పల్లవి, చరణాలతో కీర్తనలు కట్టినప్పటినుంచి మన ఆరాధనలో ఆ రాగాలు నడుస్తూనే ఉన్నాయి. అమ్మ పాడిన రాగం అక్కడక్కడ అచ్చులో ఉన్నదానికి వేరు. పుస్తకంలో అమ్మ రాసినదే వేశాం, సరిదిద్దలేదు. విన్న వరసను ముందు తరం నుంచి ఎలా అందుకుందో అలాగే ఇచ్చింది, దాన్ని మార్చే హక్కు మాకు లేదు.

పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు లెక్కన ఉండాలి. 18 అయితే రెండు ఖాళీ పోతాయి కాబట్టి 16కు కుదించాం. యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చిన పాఠాన్ని డీటీపీ షాపులో వాళ్ల ఫాంటులోకి మార్చినప్పుడు వత్తులు తారుమారయ్యాయి. కాగితం మీద ప్రూఫు తీయించి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు నోటుబుక్కు చూస్తూ సరిపోల్చండి, ఒక్కరే చదివితే పాట నోటికి వచ్చినది కాబట్టి తప్పు కనబడదు.

చుట్టాలకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఎంపీ3 ఫైళ్లను డాక్యుమెంట్‌గానే పంపాలి. అసలు ఫైళ్లు మా ఇంట్లో ఒక హార్డ్ డిస్కులో, అక్క ఇంట్లో ఇంకోదాంట్లో ఉన్నాయి. క్యాసెట్లను పారేయలేదు. చివరిదాకా చుట్టి, సిలికాజెల్ పొట్లాలతో డబ్బాలో నిలువుగా పెట్టి, స్పీకర్లకు దూరంగా ఉంచాం.

కూటంలో వినిపించడానికి మూడు పాటలే తీసుకున్నాం. మూడోది ఆఖరి చరణం మధ్యలో ఆగిపోతుంది, ఆ పక్క టేపు అయిపోయింది. చివర మెల్లగా తగ్గించమని సౌండ్ చూసే అబ్బాయి అడిగాడు కానీ తగ్గించలేదు. పుస్తకంలో ఆ చరణం మొత్తం వేసి, అమ్మ గొంతు ఆగే మాట పక్కన చిన్న చుక్క పెట్టాం. అయ్యగారు ముందే ఆ చుక్క చూపించి చెప్పారు. చుక్క దగ్గర అక్క అమ్మ హార్మోనియం మీద ఆ నల్ల మెట్టే నొక్కి పట్టుకుంది, మిగతా రెండున్నర పాదాలూ సంఘం పాడింది.