తాతయ్య గుర్రం గుర్తొచ్చింది

నిన్న రాత్రి 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్రపు జంపింగ్ వ్యక్తిగత ఫైనల్ మళ్ళీ చూశాను. పోటీ జరిగింది వెర్సాయ్ రాజభవనం ఆవరణలో. ముప్పై మంది దిగితే మొదటి రౌండులో ఒక్క తప్పూ లేకుండా బయటపడింది ముగ్గురే. అడ్డుకర్రలు దాదాపు మనిషెత్తు, 1.65 మీటర్ల దాకా. కర్ర ఊరికే ఆని ఉంటుంది. డెక్క గట్టిగా తగిలిందా, పడిపోతుంది, నాలుగు పెనాల్టీలు. ఆడా మగా అందరూ కలిసే పోటీపడే ఆట ఇది, ఆ సంగతి నాకు చాలా ఇష్టం.

ఆ ముగ్గురి మధ్య జరిగిన చివరి రౌండులో జర్మనీ రౌతు క్రిస్టియన్ కుకుక్, 'చెకర్ 47' అనే బూడిదరంగు గుర్రం మీద ఏ కర్రా పడకుండా ముగించాడు. మిగతా ఇద్దరు, స్టీవ్ గెర్డా, మైకెల్ వాన్ డర్ ఫ్లూటెన్, చెరొక కర్ర పడగొట్టారు. బంగారం కుకుక్‌ది.

నేను మాత్రం గుర్రాల చెవులనే చూస్తూ కూర్చున్నాను.

కడపలో మా తాతయ్యకు జట్కా ఉండేది. రైల్వే స్టేషన్ నుంచి పెద్ద దర్గాకు సవారీలు తోలేవారు. వానకు మా వీధి కాలువ పొంగితే గుర్రం ఠక్కున ఆగిపోయేది. తాతయ్య కొరడా ఎత్తేవారు కాదు. దిగివచ్చి, తడిసిన మెడ మీద అరచేయి ఆనించి "దాటు తల్లీ, నేనున్నాను" అనేవారు. ఒక చెవి ఆయన వైపు తిరిగేది. కాసేపటికి రెండు చెవులూ నిక్కబొడుచుకుని ముందుకు వచ్చేవి. అప్పుడు దాటేది.

రాత్రి వీడియోలో ప్రతి అడ్డుకర్ర ముందూ ఆ చెవులే కనిపించాయి.