ఫ్రీమాంటిల్‌లో రెక్కల పడవ

పెర్త్‌లో మేనల్లుడి ఇంట్లో పదిహేను రోజులున్నాను. పార్కులు, కంగారూలు అన్నీ ఫొటోల్లో ఉన్నట్టే ఉన్నాయి. రాయాలనిపించింది ఫ్రీమాంటిల్ గురించే.

రైల్లో అరగంట. దిగగానే కాఫీ, ఆరు డాలర్లు. "యాభై అయిదుతో గుణించడం మానెయ్యి మామయ్యా" అన్నాడు మావాడు. మానలేదు. మూడొందల ముప్పై రూపాయలు, అందులో సగం నురగే! మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే గాలిని ఇక్కడివాళ్లు 'ఫ్రీమాంటిల్ డాక్టర్' అంటారు. నా కోపానికీ అదే మందయింది.

విక్టోరియా కీ దగ్గర మారిటైమ్ మ్యూజియంలో 'ఆస్ట్రేలియా 2' ఉంది. 1983లో అమెరికాస్ కప్ గెలిచిన తెరచాప పడవ. 1851 నుంచి 132 ఏళ్లుగా అమెరికావాళ్ల చెయ్యి దాటని కప్పు అది. అందరూ పైకి చూస్తున్నారు. నేను కిందికి వంగి చూశాను. పడవ అడుగున నీళ్లలోకి దిగి ఉండే, సీసంతో చేసిన బరువైన పలక, దాన్ని కీల్ అంటారు; దానికి రెండు వైపులా కిందికి వాలిన పొట్టి రెక్కలు. బరువు అడుగున ఉండటంతో పడవ నిటారుగా నిలుస్తుంది. చటుక్కున కూడా తిరుగుతుంది.

పోటీ జరిగిన అమెరికా ఊరు న్యూపోర్ట్‌లో పడవను నీళ్లలోంచి ఎత్తినప్పుడల్లా ఈ కీల్ చుట్టూ గుడ్డ కట్టేవారట. అప్పటిదాకా కప్పు తన దగ్గరే ఉంచుకున్న న్యూయార్క్ యాచ్ క్లబ్బు ముందు రెక్కలే రూల్సుకి విరుద్ధమంది. పడవ ఒరిగితే రెక్క నీళ్లలో మరింత లోతుకి దిగుతుంది, కొలతల్లో అది లెక్కకి రాలేదని వాదన. అది నిలబడకపోయేసరికి, కీల్ గీసింది పడవ డిజైనరు బెన్ లెక్సెన్ కాదు, డచ్చివాళ్లు అంది. డిజైనరు పోటీకొచ్చిన దేశంవాడే అయ్యుండాలని షరతు. ప్రయోగాలు నెదర్లాండ్స్‌లో, నమూనా పడవల్ని పరీక్షించే నీళ్ల ట్యాంకులోనే జరిగాయి మరి. చివరికి ఆ గొడవ వదిలేసి రేసుకి దిగారు. 3-1తో వెనకబడ్డ పడవ 4-3తో గెలిచింది. ఆఖరి రేసులో తేడా 41 సెకన్లు.

నాకు సంక్రాంతి మేడ మీది గొడవే గుర్తొచ్చింది. పక్క గల్లీవాడొకడు ఆ ఏడు కొత్త మాంజా తెచ్చాడు. మాంజా చుట్టిన చరఖాకి తువ్వాలు కప్పి ఉంచేవాడు, ముట్టుకోనిచ్చేవాడు కాదు. మా పతంగులు వరసగా తెగుతుంటే, వాడి 'అఫా' కేకలు వినలేక ముందు గాజుపొడి ఎక్కువైందన్నాం. తర్వాత అది వాడు చేసింది కాదు, వాళ్ల మేనమామ చేశాడు, చెల్లదన్నాం. ఓడిపోయేవాడికి రూల్సు భలే గుర్తుకొస్తాయి!

అయినా క్లబ్బువాళ్లది ఉత్త ఏడుపని కొట్టెయ్యలేను. 2009లో డచ్ ఇంజనీరు పీటర్ వాన్ ఊసానెన్ ఆ కీల్ మా పనేనన్నాడు. లెక్సెన్ 1988లోనే పోయాడు. పడవ పక్కన నిలబడ్డ పెద్దాయనని, మ్యూజియం వాలంటీరట, ఆ సంగతి అడిగాను. రెక్కల గురించి అప్పటిదాకా ఉత్సాహంగా చెప్పినాయన "అవునా?" అని తెరచాపల వైపు చెయ్యి చూపించాడు.

తిరుగు రైల్లో మాంజా కథ మావాడికి చెప్పాను. "ఇంతకీ ఎవరు చేశారు మామయ్యా?"

"వాళ్ల మేనమామే. గాజు దంచుతుంటే కళ్లారా చూశాను."

"మరి చూశానని అప్పుడే చెప్పలేదేం?"

"నాక్కూడా ఒక చరఖా ఇచ్చాడు కదరా."