అట్లతద్ది నాటి చీకటి, పగడాల లెక్క

కోనసీమలో పెరిగిన ఆడపిల్లకు బహుళ తదియ నాటి చీకటి ఎంతసేపు ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆశ్వయుజ పౌర్ణమి వెళ్లిన మూడో నాడు అట్లతద్ది. తెల్లవారకముందే గోంగూర పచ్చడితోనూ పెరుగుతోనూ అన్నం తినేసి, పగలంతా ఉపవాసంతో ఉయ్యాలలూగి, పొద్దుగూకాక అరుగు మీద చేరి, కాలువ గట్టు అవతలి కొబ్బరితోటల వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. ఎర్రగా పండిన గోరింటాకు ఆ చీకట్లో నల్లగా కనిపించేది. చంద్రుణ్ణి చూస్తే గాని అట్టు ముట్టకూడదు. ఆ చంద్రుడేమో ఎనిమిది ప్రాంతానికి గాని ఆకుల సందుల్లో కనిపించడు. పొద్దుగూకడానికీ చంద్రుడు పొడవడానికీ నడుమ ఉండే ఆ చీకటినే, ఎక్కడో సముద్రం అడుగున పగడపు దిబ్బలను కట్టే జీవులు కూడా కనిపెట్టి ఉంటాయని ఇటీవల చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మా అరుగే.

పగడం అనగానే మనకు ఉంగరంలో కుజుడి కోసం పొదిగించే ఎర్రరాయి తోస్తుంది గాని, అది వేరే జాతి పగడం; దిబ్బలు కట్టేది కాదు. దిబ్బలు కట్టేవి తమ ఒంట్లో నివసించే సూక్ష్మమైన నాచు మీద ఆధారపడి బతుకుతాయి కాబట్టి వాటికి వెలుతురు సోకే తేటనీరు కావాలి. ఏటా ఎర్రనీళ్లతో ఒండ్రు మోసుకొచ్చే గోదావరి కడలిలో కలిసే చోట అవి పెరగవు. మనకు మడ అడవులే దక్కాయి. పగడపు దిబ్బలు చూడాలంటే మన్నారు సింధుశాఖకో, లక్షద్వీపాలకో, అండమాన్‌కో పోవాలి.

ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1981, 1982 సంవత్సరాల్లో పరిశోధకులు రాత్రిపూట నీటిలోకి దిగి, వసంతకాలం చివరి పౌర్ణములు గడిచిన కొద్ది రాత్రులకు 32 జాతుల పగడాలు దాదాపు ఏకకాలంలో అండాలనూ శుక్రకణాలనూ విడుదల చేయడం గమనించి, ఆ సంగతిని 1984లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అక్కడి వసంతం చివర అంటే మనకు అక్టోబరు, నవంబరు నెలలు. సాధారణంగా పౌర్ణమి తరువాత నాలుగు నుంచి ఆరు రాత్రుల లోపల, పొద్దుగూకిన కొన్ని గంటలకు ఈ పని జరుగుతుంది. మన పంచాంగంలో చెప్పుకుంటే బహుళ చవితి, పంచమి, షష్ఠి. అక్కడ రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం మూడున్నరే అవుతుంది.

విడుదలకు కొంత ముందుగా ఒక్కొక్క పాలిప్, అంటే పగడంలోని ఒక్కో చిన్న జీవి, నోటి దగ్గర ఆవగింజంత గులాబిరంగు ఉండ వచ్చి నిలుస్తుంది. అండాలూ శుక్రకణాలూ కలిపి కట్టిన మూట అది. కాసేపటికి కొమ్మ కొమ్మ నుంచీ ఉండలు ఊడి, వాన కింది నుంచి పైకి కురుస్తున్నట్టు, నీటి ఉపరితలానికి తేలిపోతాయి. అండాల్లోని కొవ్వు వాటిని తేలుస్తుంది. పైకి చేరాక ఉండలు విచ్చిపోయి, ఒక పగడం శుక్రకణాలు అదే జాతికి చెందిన మరో పగడం అండాలను కలుసుకుంటాయి. మర్నాటి ఉదయం నీటి మీద చారలు చారలుగా తెట్టె కనిపిస్తుంది. కదలలేని జీవికి జత దొరకాలంటే ఇంతకన్నా దారి లేదు. శుక్రకణాలు కొన్ని గంటలకే శక్తి కోల్పోతాయి కనుక ఒక్కరోజు తేడా వచ్చినా శ్రమ వృథా అవుతుంది. పైగా ఒకేసారి ఇన్ని వదిలితే చేపలు తిన్నంత తిన్నా ఇంకా మిగులుతాయి. ఆ తిథులు అష్టమికి దగ్గరపడుతున్నవి కావడం వల్ల పోటుపాట్ల తేడా తగ్గి, తేలిన ఉండలు వెంటనే చెదిరిపోకుండా ఉండడానికి వీలవుతుంది. ఇది మన తీరంలో వేటకు వెళ్లే వారికి తెలియని విషయమేమీ కాదు.

నెలను నిర్ణయించేది నీటి వెచ్చదనం, రోజును నిర్ణయించేది చంద్రుడు, గంటను నిర్ణయించేది సూర్యాస్తమయం అని స్థూలంగా చెబుతారు. వీటిలో చంద్రుడి సంగతే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. శుక్లపక్షం చివరి రోజుల్లో పొద్దుగూకేసరికే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు. పౌర్ణమి నాడు సూర్యుడు దిగుతుంటే ఆయన ఎక్కుతుంటాడు. ఆ తరువాత రోజుకు సుమారు రెండు ఘడియల చొప్పున ఆలస్యంగా పొడుస్తాడు కాబట్టి, అన్నాళ్లుగా లేని చీకటి సాయంత్రపు వేళ మొదటిసారి చొరబడుతుంది. తైవాన్‌లో ఒక జాతి పగడం మీద జరిపిన ప్రయోగాల ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పౌర్ణమికి ముందే సూర్యాస్తమయం తరువాత కప్పి ఉంచి కృత్రిమంగా ఆ చీకటిని కల్పిస్తే, ఆ పగడాలు ముందుగానే అండాలు వదిలాయి. వెన్నెల కాదు, వెన్నెల రావడంలోని ఆలస్యమే వాటికి కబురు.

సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ కలిపి లెక్కపెట్టేవారికి వచ్చే చిక్కు వాటికీ తప్పలేదు. చాంద్రమానం ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కనుక మనం అధికమాసం వేసుకున్నాం. దిబ్బల్లోనైతే పౌర్ణమి మరీ తొందరగా వచ్చిన ఏడు కొన్ని పగడాలు ఆ నెలలోనూ, అండాలు పక్వానికి రానివి మరుసటి నెలలోనూ వదులుతాయి. మన సిద్ధాంతుల మధ్య పండుగ తేదీల మీద వచ్చే వివాదాల కన్నా ఇది నయమనిపించింది.

తీరపు దీపాలు ఈ లెక్కను చెడగొడుతున్నాయి. రాత్రి దీపకాంతి సోకే చోట్ల పగడాలు ఒకటి నుంచి మూడు రోజులు ముందుగా, పౌర్ణమికి దగ్గరగా అండాలు వదులుతున్నాయని 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. మా ఊళ్లో కొబ్బరితోట పక్కన ఇప్పుడు రొయ్యల చెరువులున్నాయి; గట్ల మీద రాత్రంతా తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. నిరుడు అట్లతద్దికి వెళ్లినప్పుడు చంద్రుడు ఎప్పుడు పొడిచాడో అరుగు మీది నుంచి తెలియక, డాబా ఎక్కి వెతకవలసి వచ్చింది.

ఇదంతా అమ్మకు చెబితే, అట్లపిండి గరిటెతో కలుపుతూ శ్రద్ధగా వింది. “అయితే మన తద్ది వెళ్లిన మర్నాటి నుంచి అన్నమాట,” అని వేళ్లమీద తిథులు లెక్కపెట్టి, “షష్ఠి దాకా,” అంటూ పెనం మీద నూనె రాసింది.