రెప్ప గుంజి చూస్తే

స్టూడెంట్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చినవాళ్లు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 2023 చలికాలంలో నా 20 గంటలూ బర్మింగ్‌హామ్ పక్క ఊళ్లో కుక్కల మధ్య గడిచాయి. చౌ చౌ జాతి కుక్కలను పెంచి పోటీలకు తీసుకెళ్లే ఒక పెద్దావిడ దగ్గర వాటికి స్నానం చేయించడం, ఆరబెట్టడం, దువ్వడం నా పని. పేరు పెట్టి పిలవమనేది. నాకు నోరు రాక మేడమ్ అనే అనేవాణ్ణి.

మాది పాలమూరు. ఇంట్లో గొర్రెలున్నాయి కాబట్టి బొచ్చు నాకు కొత్త కాదు అనుకున్నాను. మొదటిరోజే తిట్లు పడ్డాయి. చౌకి బొచ్చు రెండు పొరలు. పైది గరుకుగా, ఒంటికి అంటుకోకుండా నిలబడి ఉండాలి. లోపలిది మెత్తటి ఉన్ని. పైపైన బ్రష్ లాగితే చూడ్డానికి బాగానే ఉంటుంది, అడుగున చెవుల వెనకా తొడల దగ్గరా అట్టలు కడుతుంది. నీళ్లు చిలకరించి, పాపిడి తీసినట్టు వరసవరసగా విడదీసి, చర్మం కనిపించేదాకా దువ్వాలి. ఒక్కో కుక్కకు నాకు రెండు గంటలు పట్టేది. పొట్టి బొచ్చు రకం కూడా ఉంది. దానికి మెడ చుట్టూ జూలు ఉండదు. మా దగ్గర అలాంటిది ఒక్కటే ఉండేది, నాకు దాని మీదే ప్రేమ.

ఒకసారి జూలులో ఒక కుచ్చు పొడుచుకొచ్చిందని కత్తిరించబోయాను. మేడమ్ వచ్చి కత్తెర లాక్కుంది. బొచ్చు కత్తిరించి ఆకారమో ముఖమో మార్చినట్టు కనిపిస్తే జడ్జి మార్కు తగ్గిస్తాడట. పాదాల దగ్గర మాత్రం సర్దుకోవచ్చు.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకు కుక్కల్ని చూపించాను. ఒకటి ఆవలించింది. నాన్న అదిరిపడ్డాడు. "అరే, నాలుక నీలంగైంది! దాన్ని మంద నుంచి తీసి ఏరే కట్టెయ్!" గొర్రెలకు నీలి నాలుక రోగం వస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఈ జాతికి పుట్టినప్పుడు నాలుక గులాబీ రంగులోనే ఉంటుందనీ, కొన్ని వారాలకు నల్లబడుతుందనీ, నల్లబడకపోతేనే పోటీకి పనికిరాదనీ చెప్పినా ఆయన నమ్మలేదు. అంతలో పక్కనున్న ఎర్ర కుక్కను చూసి, "దాని కన్ను కారుతాంది. రెప్ప గుంజి చూడు" అన్నాడు. సంతలో గొర్రెను బేరమాడే ముందు ఆయన చేసే మొదటి పని అదే. రెప్ప లోపల ఎర్రగా ఉందా, పాలిపోయిందా అని చూస్తాడు.

చూశాను. కింది రెప్ప లోపలికి మడతపడి వెంట్రుకలు కనుగుడ్డును గీరుతున్నాయి.

పది నెలల పిల్ల అది, అక్కడున్న వాటన్నిటిలోకీ బొచ్చంటే దానిదే. మేడమ్‌కు చెప్పడానికి కాస్త టెన్షన్ పడ్డాను. ఆవిడ చూసి, కుర్చీలో కూర్చుని, క్రఫ్ట్స్ అనే కుక్కల పోటీ సంగతి చెప్పింది. 2012లో ఆ పెద్ద పోటీలో 15 జాతుల విజేతలను వెటర్నరీ డాక్టర్ పరీక్షించాకే ముందుకు పంపారు. ఆ పదిహేనులో చౌ కూడా ఉంది. ఆరు జాతుల విజేతలు ఆ పరీక్షలో తప్పాయి. చౌ గట్టెక్కింది. ముడతల ముఖం, చిన్న కన్ను ముద్దొస్తున్నాయని మనుషులు అలాంటి వాటినే ఏరి పిల్లలు వేయిస్తూ పోతే రెప్పలు ఇలా తిరగబడతాయి. అందుకే ఈ జాతి ఎలా ఉండాలో చెప్పే బ్రిటన్ ప్రమాణంలో కన్ను ముదురు రంగులో, కోలగా, శుభ్రంగా ఉండాలనీ, శుభ్రమైన కన్ను కాస్త పెద్దదైనా తప్పు పట్టకూడదనీ రాశారట. అమెరికా వాళ్లది బాదం ఆకారం, కనుపాప స్పష్టంగా కనిపించాలి.

రెప్పకు ఆపరేషన్ జరిగింది. ఆ కుక్కను ఇక పోటీలకు తిప్పననీ, పిల్లలు వేయించననీ మేడమ్ ఆ రోజే తేల్చేసింది.

కుట్లు గీరుకోకుండా మెడకు ప్లాస్టిక్ గంప తొడిగారు. పది రోజుల తర్వాత తీసి చూస్తే జూలంతా నలిగి అట్టలు కట్టింది. నీళ్లు చిలకరించడానికి సీసా వెతుకుతుంటే మేడమ్ వచ్చి కత్తెర నా చేతికిచ్చింది.