మహేంద్రగిరి మీద డ్రాగన్: పిల్లల నవల రాసి అచ్చు వేయించిన నా అనుభవం

మా అప్ప కూతురికి పదకొండేళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మా ఊరు ఇటు చేరింది. కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అది ఆంధ్ర. మా పిల్లలకి తెలుగు నోట్లో ఉంటుంది, కంటికి మాత్రం కొత్త.

ఆ పిల్లకి డ్రాగన్‌లంటే ప్రాణం. ఎక్కడ బొమ్మ కనబడినా చించి దాచుకుంటుంది. "తెలుగులో డ్రాగన్ కథ పుస్తకం కొను పిన్నీ" అంది ఒకరోజు. దాని వయసుకి, దాని చదువుకి సరిపోయేది నాకు దొరకలేదు. సరే, నేనే రాస్తానన్నాను. మాట ఇచ్చినంత తేలిక కాదని మొదటి పేజీలోనే తెలిసింది.

ముందు పేరు దగ్గరే ఆగిపోయాను. డ్రాగన్‌ని తెలుగులో ఏమనాలి? బైబిల్ తెలుగులో 'ఘటసర్పం' అన్నారు. మా వీధిలో చర్చికి వెళ్లే ఒక మామ్మ ఆ మాట వినగానే "అది సైతాను కదమ్మా" అంది. నా కథలో అది పిల్లకి స్నేహితురాలు, కాబట్టి ఆ పేరు కుదరదు. పడమటి దేశాల డ్రాగన్ నిప్పు కక్కుతుంది, బంగారం మీద పడుకుంటుంది. చైనా వాళ్ల డ్రాగన్ వానలు కురిపిస్తుంది, నదుల్లో ఉంటుంది. నాకు రెండోదే దగ్గరగా అనిపించింది. మహేంద్రగిరి మా జిల్లాలోనే ఉంది, 1,500 మీటర్ల ఎత్తు. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ మా ఊరి పక్కగా పారి వంశధారలో కలుస్తుంది. కొండకి కూతురైన నది! నా కథలో అమ్మాయికి 'తనయ' అని పేరు అప్పుడే ఖాయమైంది. డ్రాగన్‌కి పేరు మాత్రం పాపే పెట్టింది. "రెక్కలున్నాయి గదా పిన్నీ, రెక్కపాము అనెయ్." ఇంకేం వెతకలేదు.

రాయడం ఐదు నెలలు పట్టింది. రోజూ రాత్రి రాసిన రెండు పేజీలు మర్నాడు దానిచేత పైకి చదివించేదాన్ని. అక్కడే నాకు అసలు పాఠం మొదలైంది. ఒడియాలో 'ఠ' అక్షరం నిండు గుండ్రంగా, అచ్చం మన సున్నాలా ఉంటుంది. అందుకని మొదటి వారం 'రంగు'ని 'రఠగు' అని చదివింది, తర్వాత తనే నవ్వి దిద్దుకుంది. నేను గొప్పగా రాశాననుకున్న 'పర్వతాగ్రమున ప్రకాశించు' దగ్గర మాత్రం నవ్వలేదు, పుస్తకం మూసేసింది. దాన్ని 'కొండ కొసన వెలుగుతోంది' అని మార్చాను. ఆ తర్వాత అది ఆగిన ప్రతి మాట కిందా గీత పెట్టుకుని, నోటి మాటలోకి తెచ్చాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లల కోసం సవర భాష నేర్చుకుని అందులో పుస్తకాలు రాసిన మనిషి ఆయన. పంతులుగారి గురించి చిన్నప్పటినుంచీ వింటున్నా, ఆయన వాడుక భాష కోసం అంత పట్టు ఎందుకు పట్టారో ఆ గీతలు చూశాకే నాకు బాగా అర్థమైంది.

అన్నిటికన్నా కష్టపెట్టింది తుఫాను అధ్యాయం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అప్పుడు పాపకి నాలుగేళ్లు. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే వాళ్లమ్మ కొంగు పట్టుకుంటుంది. మొదట నేను రెక్కపాము తుఫానుని మింగేసినట్టు రాశాను. "అబద్ధం" అంది. మింగితే మరి మనుషులెలా చనిపోయారని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాలుగోసారి రాసినప్పుడు రెక్కపాము తుఫానుని ఆపలేదు. తనయని వీపు మీద ఎక్కించుకుని కొండ దిగువ ఇళ్లకి వెళ్లి, తలుపు తలుపూ తట్టి జనాన్ని బడి మేడ మీదకి పంపింది. ఆ రోజు పాప ఏమీ అనలేదు, తర్వాతి పేజీ అడిగింది.

ఇక అచ్చు. పుస్తకాన్ని గుర్తించే నంబరు ఐఎస్‌బీఎన్‌కి రుసుము లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో నా పేరునే దరఖాస్తు చేస్తే 13 అంకెల నంబరు వచ్చింది. అట్ట మీద సవర ఇడితాల్ బొమ్మలు వేయిద్దామని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. అవి దేవుళ్ల కోసం, పోయిన పెద్దల కోసం గోడల మీద గీసేవి. అమ్ముకునే పుస్తకానికి అలంకారంగా వాడటం నాకు మనసొప్పలేదు. పాప గీసిన రెక్కపామునే పెట్టాం.

నిజమైన టెన్షన్ ప్రెస్‌లో మొదలైంది. నేను ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేశాను, వాళ్లు పేజీలు కట్టేది యూనికోడ్ కాని 'అను' అనే ఫాంట్లలో. మార్చేటప్పుడు ర వత్తులు ఎగిరిపోయాయి. 'మహేంద్రతనయ' కాస్తా 'మహేందతనయ' అయింది. ప్రూఫులు మూడుసార్లు దిద్దాను, మూడోసారి పాప నా పక్కనే కూర్చుంది. నాకు కథ కంఠతా వచ్చేసింది కాబట్టి లేని వత్తు కూడా ఉన్నట్టే కనబడేది. అది ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి పట్టేసేది. పదిహేడు తప్పులు పట్టుకుంది. ఎవరైనా ఈ పనికి దిగితే నేను చెప్పేదొకటే, చివరి ప్రూఫు తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకి ఇవ్వండి. పేజీల లెక్క కూడా ముందే చూసుకోండి. ప్రెస్‌లో పుస్తకం ఫారాల లెక్కన, అంటే ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల లెక్కన వేస్తారు, ఫారానికి 16 పేజీలు. నాది 115 వచ్చింది. మూడు పేజీల కోసం ఇంకో ఫారం వేయించలేక, రాజుగారి విందు కత్తిరించి 112కి, అంటే ఏడు ఫారాలకి తెచ్చాను. ఆ విందు లేకపోయినా కథకి లోటేమీ రాలేదు.

మూడు వందల కాపీలు వచ్చాయి. చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి పంపాల్సిన కాపీని కట్టి పక్కన పెట్టాను. పాప కట్ట విప్పి నేరుగా తుఫాను అధ్యాయం తెరిచింది. వంటింటి గుమ్మంలో నిలబడి, వాళ్లమ్మకి వినబడేలా మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివాక పెన్సిల్ తెచ్చుకుని 68వ పేజీలో ఒక మాట కొట్టేసింది.

"గాలి 'హోరు' అని రాశావు పిన్నీ. ఆ రోజు మన రేకులు టపటపా కొట్టుకున్నాయి. మళ్లీ అచ్చేసినప్పుడు అలా రాయి."