కొన్న ప్యాటర్న్‌తో అల్లిన బొమ్మని అమ్మొచ్చా?

నేను క్రోషే బొమ్మలు అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. కొత్తగా అమ్మకం మొదలుపెట్టినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "డబ్బులిచ్చి ప్యాటర్న్ కొన్నాను కదండీ, దాంతో చేసిన బొమ్మ అమ్ముకుంటే తప్పేంటి?" ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ప్యాటర్న్ అంటే బొమ్మ ఎలా అల్లాలో వరసవారీగా చెప్పే సూచనలు. అందులో వేర్వేరు సంగతులు కలిసి ఉంటాయి.

ముందు అల్లే పద్ధతి. మ్యాజిక్ రింగ్‌లో (నూలుతో మొదట వేసే చుట్టులో) ఆరు సింగిల్ క్రోషేలు, అంటే చిన్న కుట్లు, వేసి, తర్వాతి వరసలో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే పన్నెండవుతాయి. ఆ పై వరసలో ఒకటి విడిచి ఒకటి పెంచితే పద్దెనిమిది. గుండ్రటి తల ఎవరు అల్లినా దాదాపు ఇలాగే వస్తుంది, ఇది ఎవరి సొత్తూ కాదు. 1879లో అమెరికా సుప్రీంకోర్టు ఖాతాలు రాసే పద్ధతి నేర్పే ఒక పుస్తకం మీద వచ్చిన కేసులో (బేకర్ వర్సెస్ సెల్డెన్) ఈ సంగతే తేల్చింది. పుస్తకంలో చెప్పిన పద్ధతిని ఎవరైనా వాడుకోవచ్చు, కాపీరైట్ ఉండేది దాన్ని వివరించిన తీరు మీదే. అంటే ప్యాటర్న్‌లోని రాత, ఫొటోలు, చార్టులు డిజైనర్‌వి. ఆ పీడీఎఫ్‌ని పదిమందికి ఫార్వర్డ్ చేయడం, అనువదించి అమ్మడం కుదరదు.

అసలు చిక్కు తయారైన బొమ్మ దగ్గర వస్తుంది. మామూలు టోపీ, మఫ్లర్ లాంటి వాడుక వస్తువుల ఆకారానికి కాపీరైట్ దొరకడం కష్టం. బొమ్మ అలా కాదు, దాన్ని శిల్పంలా చూసే వీలుంది. అందుకే "సొంత వాడకానికి మాత్రమే" అని రాసి ఉంటే నేను అమ్మను. ఏమీ రాయకపోతే డిజైనర్‌కే మెసేజ్ పెడతాను. "నా పేరు వేసి అమ్ముకోండి" అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ జవాబు స్క్రీన్‌షాట్ తీసి ప్యాటర్న్‌తో పాటే దాచుకుంటాను. కొందరు తమ పనిని ఎలా వాడుకోవచ్చో ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెడతారు, అందులో 'ఎన్‌సీ' (నాన్ కమర్షియల్) అని కనిపిస్తే వ్యాపారానికి వాడకూడదని అర్థం.

కొన్న వస్తువునే వేరే రూపంలో అమ్మితే? అమెరికాలో ఒక కంపెనీ ఆర్ట్ పుస్తకాలూ కార్డులూ కొని, వాటిలోని చిత్రాల్ని టైల్స్ మీద అతికించి అమ్మేది. 1988లో ఒక అప్పీలు కోర్టు అది ఉల్లంఘనే అంది. 1997లో అదే కంపెనీ మీద, అదే పని గురించి, మరో అప్పీలు కోర్టు ఉల్లంఘన కాదంది. జడ్జీలకే పొత్తు కుదరని చోట, "ఏం పర్లేదు, అందరూ చేస్తున్నారుగా" అని ఎవరైనా తేలిగ్గా చెప్తే నాకు భయం వేస్తుంది. "డిజైన్ ముప్పై శాతం మారిస్తే చాలు" అన్నది కూడా అలాంటి మాటే. అలాంటి లెక్క చట్టంలో ఎక్కడా లేదు.

కార్టూన్ పాత్రల జోలికి నేను వెళ్ళను. 1928 నాటి మిక్కీ మౌస్‌కి అమెరికాలో 2024 జనవరి 1తో కాపీరైట్ తీరిపోయిన మాట నిజమే. కానీ అప్పుడు తీరింది గ్లవ్స్ లేని ఆ పాత రూపానికే. పైగా ట్రేడ్‌మార్క్ (వ్యాపార గుర్తుగా కంపెనీకి ఉండే హక్కు) అలాగే ఉంది.

మన బొమ్మలకీ ఇదే చట్టం కాపు కాస్తుంది. 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని ఒప్పుకున్న దేశాల్లో హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన సొంత సృష్టి ఒక రూపానికి వస్తే చాలు. కోర్టుకెక్కాలన్నా, నష్టపరిహారం అడగాలన్నా మాత్రం కొన్నిచోట్ల రిజిస్ట్రేషన్ పనికొస్తుంది.

ఈమధ్య నేను సొంతంగా డిజైన్ చేసిన ఏనుగు ఫొటోలు ఇంకొకరి షాపులో కనిపించాయి. చాలా కోపం వచ్చింది. ఒరిజినల్ ఫొటో ఫైళ్ళు, తేదీలు వేసిన స్కెచ్‌లు జతచేసి ఆ సైట్‌కి ఫిర్యాదు పెడితే ఫొటోలు తీసేశారు. ఇప్పుడు ఆ షాపువాళ్ళు సొంత ఫొటోలతో అదే ఏనుగుని అమ్ముతున్నారు. ఫొటో వేరు, బొమ్మ వేరు కాబట్టి రెండో ఫిర్యాదు రాస్తున్నాను. అందులో గుండ్రటి తల గురించి గానీ, పొట్ట గురించి గానీ ఒక్క మాటా లేదు. లోపలికి మడిచి కుట్టిన చెవి, పక్కకి తిరిగిన తొండం చివర వేలాడే మూడు రంగుల కుచ్చు, ఎడమ మోకాలి మీద చారల అతుకు, ఇవన్నీ ఒకే బొమ్మలో కలిసిన తీరు మాత్రమే పక్కపక్కన ఫొటోలు పెట్టి చూపిస్తున్నాను.